ఎంతమంది వెతికారు

సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి కొలబద్ద పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. లోకంలోని వెబ్‌సైట్లన్నిటికీ ర్యాంకులిచ్చే సైటొకటి ఉండేది. దాన్ని నడిపేవాళ్ళు, ఇన్నాళ్ళ మీ ఆదరణకు కృతజ్ఞతలు అని ఒక్క వాక్యం రాసిపెట్టి దుకాణం కట్టేశారు. ఆ ర్యాంకుల మీద ఆధారపడ్డవాళ్ళ గతేమిటని వాళ్ళు ఆలోచించలేదు. ఎందుకాలోచిస్తారు?

ఆధారపడ్డవాళ్ళు ఈ ఆఫీసులో నలుగురు. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద రెండు గదులు వాళ్ళవి. వెబ్‌సైట్ల అడుగునా, ఫోన్లలోనూ, స్టేషన్లలో పెద్ద తెరల మీదా వేలిగోరంత గుర్తులు కనిపిస్తాయి కదా, ఇది ఫలానా బ్యాంకుది, ఇది ఫలానా బూట్ల కంపెనీది అని చూడగానే తెలిసిపోయేవి. అలాంటి వాటిని వేలకొద్దీ ఒకే కొలతలో, ఒకే రంగులో గీసి, కావలసినవాళ్ళు ఊరికే తీసుకోండని పెట్టడం వీళ్ళ పని. ఊరికే వచ్చేచోట చోటు కోసం తోపులాట ఎక్కువ. నిన్నగాక మొన్న పుట్టిన సబ్బుల కంపెనీ కూడా మా గుర్తు పెట్టండని అర్జీ పంపుతుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. నెలకు కొన్నే కొత్త గుర్తులు, అవి కూడా నలుగురికీ తెలిసిన బ్రాండ్లయితేనే. నలుగురికీ తెలుసో లేదో ఆ ర్యాంకుల సైటు చెప్పేది. ఇప్పుడది నోరు మూసుకుంది.

వచ్చిన అర్జీల్లో ఉంచేవీ పారేసేవీ వేరుచేసే ఆవిడని ఆఫీసులో జల్లెడ అంటారు. మొదట్లో ఆవిడకి ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయి, ఫోనెత్తితే తనే "జల్లెడని మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది. ఆ పొద్దున ఆమె చేతిలో అర్జీలు కట్టు ఊడిన చీపురులా ఉన్నాయి. వాటిని దేంతో జల్లించాలో తెలీదు. పెద్దమేడమ్ అందర్నీ లోపలిగదిలోకి పిలిచి తలుపేసింది.

"ఫాలోవర్లని లెక్కపెడదాం," అన్నాడు ప్రోగ్రామరు. అతనికి ఏదైనా లెక్కపెట్టడం తేలిక.

"ఫాలోవర్లు కిలోల లెక్కన దొరుకుతారు," అన్నాడు గీతలాయన. గుర్తులన్నీ గీసేది ఆయనే. మాట్లాడుతున్నా ఆయన చెయ్యి బల్ల మీద వేలితో ఏదో ఒక వంపు గీస్తూనే ఉంటుంది. "మా బావమరిది ఫొటో స్టూడియోకి లక్షమంది ఉన్నారు. వాడు షట్టరు తీసే రోజులే తక్కువ."

"పోనీ యాప్ డౌన్‌లోడ్లు."

"అగ్గిపెట్టెల కంపెనీకి యాపెందుకుంటుంది?" అంది జల్లెడ.

"అయితే అర్జీకి ఎంతమంది సై అన్నారో చూద్దాం."

"సై అనేవాళ్ళకి పనీపాటా ఉండదు. పనున్నవాళ్ళు మన అర్జీలు చదవరు."

పెద్దమేడమ్ కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. ఆవిడ అలా తుడుచుకుంటోందంటే ఓపిక అయిపోవచ్చిందని అర్థం. "ప్రతిదానికీ వంకలు పెడితే ఎలా? కొలతంటూ ఒకటుండాలి. ఎవరొచ్చి అడిగినా ఇదిగో అని చూపించగలగాలి. మాకు నచ్చలేదు కాబట్టి మీది పెట్టలేదు అనే మాట మన నోట రాకూడదు. జల్లెడా, అందరివీ కాదన్నావు. నీదేదో చెప్పు."

జల్లెడ కాసేపు ఆలోచించింది. ఆలోచిస్తే ఆమె అర్జీల అంచులు సరిచేస్తుంది.

"వెతుకులాట చూద్దాం మేడమ్. ఫలానా పేరుని ఒక వారంలో ఎన్నిసార్లు వెతికారో సెర్చి కంపెనీవాళ్ళు చెప్తారు. కావలసినవాళ్ళే కదా వెతుకుతారు? హోటలైనా, అగ్గిపెట్టైనా, బడైనా, అవసరం ఉంటే ఎవరైనా ఒకసారి ఆ పేరు కొడతారు. యాపుందా, సైటుందా అని చూడక్కర్లేదు."

ఎవరికీ వంక దొరకలేదు. ఈ వారమంతా కొలిచి చూడాలనీ, వచ్చే సోమవారం ఆ లెక్కతోనే కొత్త గుర్తులు తేల్చాలనీ, బాగా కుదిరితేనే ఈ కొలత సంగతి బయటికి ప్రకటించాలనీ అనుకున్నారు.

"ఇంకొక్క మాట," అంది జల్లెడ లేవబోతూ. "ఈ అర్జీల్లో టాక్సీ డ్రైవర్ల సంఘానిది ఒకటుంది. మా ఆయన అందులో డ్రైవరు. ఆ ఒక్కటీ నేను చూడను. ఇంకెవరికైనా ఇవ్వండి."

పెద్దమేడమ్ ఆమె వైపు మెచ్చుకోలుగా చూసింది. "సరే, అది గీతలాయన చూస్తాడు. కొలత మాత్రం నువ్వే రాయి."

ఆ అర్జీ ఎందుకొచ్చిందో ఆఫీసులో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. రైల్వే స్టేషన్లో కొత్త తెర పెడుతున్నారు. రైలు దిగి బయటికొచ్చేవాళ్ళకి బస్సు ఎటు, టాక్సీ ఎటు అని చూపించే నిలువెత్తు తెర. తెర తయారుచేసేవాళ్ళు ఏ గుర్తయినా సరే ఈ ఆఫీసు కలెక్షన్లోంచే తీసుకుంటారు. అందులో లేని గుర్తు ఆ తెర మీదికి ఎక్కదు. పెద్ద టాక్సీ కంపెనీ గుర్తు ఎప్పుడో ఎక్కి కూర్చుంది. డ్రైవర్లే అందరూ కలిసి, పెద్ద కంపెనీకి కమీషను కట్టడం ఇష్టంలేక పెట్టుకున్న సంఘానిది లేదు. తెర వెలిగిన రోజునుంచీ జనం బాణం గుర్తు చూపించినవైపే నడుస్తారు. సంఘం స్టాండు ఇవతల గేటు పక్కన ఈగలు తోలుకుంటూ ఉంటుంది. ఈ నెల గుర్తులు సోమవారం తేలితే తెరవాళ్ళు మంగళవారం తీసుకుంటారు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు మారుస్తారో వాళ్ళకే తెలీదు.

ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చేసరికి ఆమె గిన్నెలు కడుగుతోంది. ఆయన కారులోంచి రబ్బరు పట్టాలు తీసుకొచ్చి పంపు కింద పెట్టి బ్రష్షుతో రుద్దడం మొదలెట్టాడు. రోజూ రుద్దుతాడు. రుద్దుతూ ఆ రోజు ఎక్కినవాళ్ళ గురించి చెప్తాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని, కొడుకు చెప్పేవాటిలో సగానికి నవ్వుతూ సగానికి ముక్కు విరుస్తూ వింటుంది.

"మా అర్జీ ఏమైందోయ్?" అన్నాడు ఆయన తలెత్తకుండా.

"అది నేను చూడనని చెప్పేశాను."

"అదేంటి, మేమేదో దొంగతనం చేసినట్టు?"

"సొంతవాళ్ళది చూడకూడదండీ. గీతలాయన చూస్తాడు." ఆమె చేతులు తుడుచుకుని అత్తగారి పక్కన కూలబడింది. పొద్దున్నుంచీ నలుగురి మధ్యా వాదించి గెలిచిన సంతోషం ఇంకా తగ్గలేదు. "అసలు కొలిచే సైటే మూతబడింది. కొత్త కొలత నేనే చెప్పాను. ఎవరూ కాదనలేకపోయారు. ఒక పేరుని వారంలో ఎన్నిసార్లు వెతికితే దానికంత ఆదరణ ఉన్నట్టు. ఈ వారం చూస్తున్నాం."

"మీ ఆఫీసులో పొగరు కొలిచే యంత్రం ఏదైనా ఉంటే చెప్పమ్మా," అంది అత్తగారు. "వీడికి పెట్టి చూద్దాం."

ఆయన నవ్వాడు. బ్రష్షు పక్కన పెట్టి పట్టాని దులిపి గోడకి ఆనించాడు. "ఎన్నిసార్లు వెతికారన్నదే చూస్తారా, ఎవరు వెతికారన్నది కూడా చూస్తారా?"

"ఎవరన్నది సెర్చి కంపెనీవాళ్ళు చెప్పరు. ఎన్నిసార్లన్నదే."

"ఓహో," అన్నాడు ఆయన, రెండో పట్టా అందుకుంటూ.

బుధవారం పొద్దున ఆమె ఆఫీసుకొచ్చేసరికి ప్రోగ్రామరు గోడ మీద తెర పెట్టుకుని కొలతని పరీక్షిస్తున్నాడు. తెర మీద రెండు గడులున్నాయి. పచ్చగడిలో ఒక పేరున్న బ్యాంకు, ఎర్రగడిలో డ్రైవర్ల సంఘం. పచ్చగడి మీద 'పాసవ్వాలి' అని ఉంది. ఎర్రగడి మీద 'ఫెయిలవ్వాలి' అని ఉంది.

"ఇదేంటి?" అంది ఆమె.

"కొలత సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలంటే కచ్చితంగా పాసయ్యేదొకటి, కచ్చితంగా ఫెయిలయ్యేదొకటి పెట్టుకుని చూడాలి కదండీ. అర్జీల కట్టలో పైనున్నది తీశాను." అప్పుడు గుర్తొచ్చింది అతనికి. నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, మీవాళ్ళది కదూ! మారుస్తానుండండి."

"ఎందుకు మార్చడం, ఉండనీ."

పేరు తెలీనిదానికి నమూనాగా నిలబెట్టడానికి ఊరంతట్లో వాళ్ళే దొరికారు. పగలంతా స్టీరింగు పట్టుకునే మనిషి పేరు ఎర్రగడిలో వేలాడుతుంటే, దాని కిందే కూర్చుని వేరేవాళ్ళ అర్జీలు చూడటం ఆమెకి చేతకాలేదు. కాయితాలు పట్టుకుని అవతల గదిలోకి వెళ్ళిపోయింది.

అక్కడ గీతలాయన ఆ సంఘం గుర్తు మీదే కుస్తీ పడుతున్నాడు. స్టీరింగు చక్రం మీద రెండు చేతులు. పెద్దగా చూస్తే చక్కగానే ఉంది. వేలిగోరంత చేసేసరికి పది వేళ్ళూ ముద్దైపోయి ఉండలుగా కనిపిస్తున్నాయి. ఆయన వేళ్ళు తగ్గించి చూశాడు. మూడేసి వేళ్ళకి వచ్చాక చెయ్యిలా కనిపించింది.

"పాసవుతుందో లేదో తెలీకుండానే గీస్తున్నారా?"

"గీసుంచితే పోయేదేముందమ్మా? నాకు చేతులు గియ్యడం ఇష్టం. ఈ కంపెనీలన్నీ గుండ్రాలూ పలకలూ ఇస్తాయి. చేతులిచ్చేవాళ్ళేరీ?"

గురువారం మధ్యాహ్నం ప్రోగ్రామరు అరిచినంత పని చేశాడు. అందరూ తెర దగ్గరికి పరిగెత్తారు. ఎర్రగడిలో ఉన్నది పాస్ మార్కు గీత దాటి పైకొచ్చింది. డ్రైవర్ల సంఘం పాసైంది. ఆ సంఘం పేరు కింద గీసిన పట్టీ రోజురోజుకీ పెరుగుతూ వచ్చి, పేరున్న రెండు చెప్పుల కంపెనీల్ని కూడా దాటేసింది.

"చూశారా, మనకి తెలీకపోవడమే గానీ జనానికి తెలుసు," అన్నాడు గీతలాయన, తనే గెలిచినట్టు. పెద్దమేడమ్ కూడా వచ్చి చూసి, "కొలత లేకపోతే ఇది మనం పారేసేవాళ్ళమే," అంది.

జల్లెడ మాత్రం తెరవంకే చూస్తూ నిలబడింది. సంతోషం వచ్చింది, నిజమే. కానీ పదేళ్ళుగా జల్లిస్తున్న చెయ్యి ఊరుకోదు. అదాటున పెరిగింది దేనివల్ల? మొన్న సంఘంలో ఏ గొడవా కాలేదు, పేపర్లో పడలేదు. ఈ వారంలో కొత్తగా కదిలిందేమిటని చుట్టూ చూసింది. కదులుతున్నది ప్రోగ్రామరు కంప్యూటరొక్కటే.

"నీ పరీక్ష ఎలా చేస్తోంది?" అని అడిగింది. "సెర్చి కంపెనీ దగ్గర లెక్క అడిగి ఊరుకుంటోందా, లేక అది కూడా వెతుకుతోందా?"

ప్రోగ్రామరు తల గోక్కున్నాడు. ఇంకాసేపు గోక్కున్నాడు. "ముందు పేరు కొట్టి, వస్తోందో లేదో చూసి, తర్వాత లెక్క అడుగుతుందండీ."

"ఎన్నాళ్ళకోసారి?"

"ఎన్నాళ్ళేంటండీ, ఆగకుండా."

జనానికెవరికీ తెలీదనుకున్న పేరుని, తెలీదని నిరూపించడం కోసం తమ కంప్యూటరే రాత్రీ పగలూ వెతుకుతోంది. ఫెయిలవ్వాలని పెట్టినదాన్ని వాళ్ళే పాస్ చేయించారు. లోకంలో ఇంకెవరైనా ఇలాంటి పొరపాటు చేస్తారా అంటే చెయ్యరు. దీనికి ప్రత్యేకమైన తెలివి కావాలి.

"తీసెయ్. నువ్వు వెతికినవన్నీ తీసేసి చూడు," అంది జల్లెడ. ఆ మాట అనడానికి ముందు ఒక్క క్షణం తడబడింది. ఎవరూ గమనించలేదు. అనకపోతే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. గీతలాయన జాలిగా ఆమెవైపు చూశాడు.

అదంతా తీసేసి లెక్క మళ్ళీ వెయ్యడానికి శుక్రవారం సాయంత్రమైంది. తేలిందేమిటంటే, కంప్యూటరు వెతికినవన్నీ పోగా కూడా డ్రైవర్ల సంఘం గీత పైనే ఉంది. కాస్త కిందికి దిగింది, అంతే. చెప్పుల కంపెనీలు రెండూ ఇంకా కిందే ఉన్నాయి. ప్రోగ్రామరు రెండోసారీ మూడోసారీ లెక్క చేశాడు. అదే వచ్చింది.

"ఇంక అనుమానం లేదు కదా తల్లీ?" అంది పెద్దమేడమ్.

"లేదు మేడమ్," అంది జల్లెడ. ఈసారి నవ్వింది. అంత హాయిగా ఆమె నవ్వడం ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు. సెలవురోజులు రెండూ ఇంట్లో ఆ ఊసెత్తలేదు. తేలేదాకా చెప్పకూడదని నోరు కుట్టేసుకుంది. అత్తగారు మాత్రం, "ఏంటే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు, వంట మాడుతోంది చూసుకో," అంది.

సోమవారం మధ్యాహ్నానికి జాబితా తేలిపోయింది. ఈ నెలకి చోటున్నన్ని గుర్తుల్లో డ్రైవర్ల సంఘానిది ఆఖరిది. దానికి ఒక్క మెట్టు కింద ఆగిపోయింది చక్రాల కుర్చీలకి విడిభాగాలమ్మే ఒక చిన్న సంస్థ. నడిపేది ఒకావిడ. ఆసుపత్రుల్లో దారిచూపే తెరల మీద తమ గుర్తు కనిపిస్తే, చక్రం విరిగినవాళ్ళకి ఎక్కడికి పోవాలో తెలుస్తుందని అర్జీలో రాసింది. రాలేదన్నవాళ్ళకి జవాబులు రాయడం జల్లెడ పనే. ఆమె రాసింది: మీ గుర్తు చాలా బాగుంది, కానీ ఈసారి తగినంతమంది వెతకలేదు, వచ్చేనెల మళ్ళీ చూస్తాం. ఎప్పుడూ రాసే మాటలే. పంపించేసి, పెద్దమేడమ్‌ని అడిగి గంట ముందు బయల్దేరింది. ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఈ మాట చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలనిపించింది.

బస్సు దిగి స్టేషను దాటి ఇవతల గేటు వైపు నడిచింది. కొత్త తెరకి ఇంకా గుడ్డ కప్పే ఉంది. దాని పక్కన పెద్ద కంపెనీ హోర్డింగు మూడంతస్తుల ఎత్తున నవ్వుతోంది. సంఘం స్టాండులో కార్లు వరసగా ఆగి ఉన్నాయి. బేరం లేదు. ఎప్పుడూ బయట గుమిగూడి కబుర్లు చెప్పుకునే డ్రైవర్లు ఈవేళ ఎవరి కార్లలో వాళ్ళు తలొంచుకుని కూర్చున్నారు. అంత నిశ్శబ్దంగా ఆ స్టాండుని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏదైనా చెడ్డవార్త వచ్చిందేమోనని గాభరాపడి గబగబా నడిచింది.

ఆమె భర్త కారు చివర్న ఉంది. ఆయన కూడా ఫోను మీదికి వంగి ఉన్నాడు. పక్కనుంచి వెళ్ళి అద్దంలోంచి చూసింది. ఫోన్లో సంఘం పేరు. ఆయన బొటనవేలు దాన్ని నొక్కింది. సమాధానాలు బారుగా వచ్చాయి. వాటి వైపు చూడనుకూడా చూడలేదు. తుడిపేశాడు. మళ్ళీ పేరు, మళ్ళీ నొక్కడం, మళ్ళీ తుడపడం. పట్టాల్ని రుద్దినట్టే, అంత శ్రద్ధగానూ, అంత అలవాటుగానూ. ముందు కారులో అతనూ అదే పని. దాని ముందు కారులోనూ అదే.

ఆమె అద్దం మీద తట్టింది. ఆయన ఉలిక్కిపడి తలెత్తి, ఆమెని చూసి మొహం ఇంత చేసుకున్నాడు.

"ఇంత పొద్దుండగానే వచ్చావేంటి? ఎక్కు, ఎక్కు. చూశావా మావాళ్ళ పని? బేరం లేనప్పుడల్లా ఇదే. మా స్టాండే కాదు, ఊళ్ళో సంఘం వాళ్ళందరూ. బస్టాండు దగ్గరవాళ్ళు మాకంటే ఎక్కువ కొట్టామని పందేలు కాస్తున్నారు."

ఆమె కారెక్కలేదు. "ఎప్పట్నుంచి?"

"మంగళవారం నుంచి. నువ్వు చెప్పావు కదా ముందురోజు. మర్నాడు పొద్దున్నే అందరికీ చెప్పేశాను."

అప్పుడు తలుపు తీసి లోపల కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది, పాసైందని. జాబితాలో ఉందని. ఆయన స్టీరింగు మీద రెండు చేతులతో దరువేశాడు. మిగతావాళ్ళకి కేక పెట్టడానికి అద్దం దించబోతుంటే ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"పాసయ్యింది మీరు వెతకడం వల్లండీ. మీరే మిమ్మల్ని వెతుక్కుంటే అది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

"ఆదరణంటే వేరేవాళ్ళకి ఉండాలి కదా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపం రాలేదు, కానీ మొహంలో వెలుగు పోయింది. "అటు చూడు," అన్నాడు హోర్డింగుకేసి గడ్డం చూపించి. "అది చూసి జనం ఫోను తీసి ఆ పేరు కొడతారు. డబ్బు పెట్టి కొట్టించుకుంటే ఆదరణ. మాకు హోర్డింగు లేదు, బొటనవేళ్ళున్నాయి. మాకు మేం కొట్టుకుంటే దొంగతనం. అంతేనా? ఇన్ని వందల మందిమి, మేం మనుషులం కామా?"

ఆయన అన్నదాంట్లో సగం నిజమని ఆమెకి అనిపించింది. ఆ సగమే ఎక్కువ బాధ పెట్టింది. తను నలుగురి మధ్యా గర్వంగా చెప్పిన కొలత ఇంత పల్చనిదా అని సిగ్గు కూడా వేసింది.

"చక్రాల కుర్చీలకి సామాన్లమ్మే ఆవిడ ఒకావిడుంది," అంది చివరికి. "మీ కింద ఆగిపోయింది. మీకు చోటివ్వడం కోసం ఆవిడకి లేదని రాశాను, ఇందాకే, ఈ చేత్తోనే."

"ఆవిడకీ వేళ్ళుంటాయి కదా? ఆవిడ మనుషులూ కొట్టొచ్చు కదా?"

"ఆవిడకెవరూ చెప్పలేదండీ. ఈ కొలత సంగతి ఇంకా బయటపెట్టనే లేదు. మీకు నేను చెప్పాను."

వరసలో మొదటి కారు బేరం దొరికి వెళ్ళిపోయింది. వరసలో కార్లన్నీ ఒక్కొక్కటిగా ముందుకి జరిగాయి. ఆయన కూడా బండి స్టార్ట్ చేసి, ఒక కారంత దూరం జరిపి, మళ్ళీ ఆపాడు.

ఆమె సంచిలోంచి ఫోను తీసి చేతిలో పెట్టుకుంది. ఆయన దాన్ని చూశాడు. వద్దనలేదు. చెయ్యమనీ అనలేదు. కిటికీలోంచి అవతలికి తిరిగాడు.

పెద్దమేడమ్ వెంటనే ఎత్తింది. జల్లెడ అంతా చెప్పింది, పోయిన సోమవారం సాయంత్రం గిన్నెలు కడిగి కూర్చున్న దగ్గర్నుంచి. ఆయన హోర్డింగు గురించి అడిగింది కూడా ఒక్క మాట వదలకుండా చెప్పింది. అవతల పెద్దమేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉంటుందని జల్లెడకి తెలుసు.

"జాబితా ఇంకా ఎక్కించలేదు," అంది పెద్దమేడమ్. "సంఘానిది తీసేస్తాను. ఆ కుర్చీల ఆవిడకి మళ్ళీ రాయి, మొదటి జవాబు నీదే కాబట్టి. ఇక మీ ఆయన అడిగిన ప్రశ్న ఉంది చూశావూ, దానికి నా దగ్గరా జవాబు లేదు. రేపు మళ్ళీ నలుగురం కూర్చోవాలి."

"తెరవాళ్ళు రేపే తీసుకుంటారు మేడమ్."

"తెలుసు," అని పెద్దమేడమ్ ఫోను పెట్టేసింది.

ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడవకూడదని గట్టిగా అనుకుంది. అనుకున్నా కళ్ళు ఊరుకోలేదు. పక్కనున్న మనిషి అప్పటికీ బయటికే చూస్తున్నాడు. రేపట్నుంచీ ఆయన ఎవరికి ఏం చెప్పుకోవాలో ఆమె ఊహించగలదు. ఇంటావిడ ఆ ఆఫీసులోనే ఉండి కూడా చేయించలేకపోయిందంటారు. చేతికొచ్చినదాన్ని పోగొట్టిందని తెలిస్తే ఇంకా చాలా అంటారు.

అప్పుడే తమ ముందున్న కారులోంచి హారన్ బాబాయ్ దిగి వచ్చాడు. స్టాండులో అందరికంటే పెద్దాయన. నవ్వొచ్చినా కోపమొచ్చినా హారను కొడతాడని ఆ పేరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కిటికీలోకి వంగాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఏమ్మా, నువ్వు రావడం ఇప్పుడే చూశాను. వచ్చిందా మనది?"

ఆమె భర్త తిరగలేదు. ఇక చెప్పవలసింది తనే. ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి బస్సులో వచ్చింది ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికే.

"రాలేదు బాబాయ్," అంది.

బాబాయ్ మొహం ఒక్క నిమిషం వాడింది. తర్వాత తనే సర్దుకుని ఆమెని ఓదార్చడం మొదలెట్టాడు. "పర్లేదమ్మా, దానికెందుకు కళ్ళనీళ్ళు? మేం సరిగ్గా కొట్టలేదేమో. నాకు ఈ చిన్న అక్షరాలు కనపడి చావవు, సగం తప్పులే. ఇంకో వారం కొడతాం. ఎక్కినవాళ్ళ చేత కూడా కొట్టిస్తాను. మాకేం, కూర్చుని చేసే పనే కదా." కళ్ళజోడు కిందికి దించుకుని ఫోను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.



"వద్దు బాబాయ్," అన్నాడు ఆమె భర్త. బాబాయ్ వైపుకి ఒంగి, ఆయన చేతిలోంచి మెల్లగా ఫోను తీసి, ఆపేసి, మళ్ళీ ఆయన చేతిలో పెట్టాడు. "ఇంకెవర్నీ కొట్టొద్దని చెప్పు. బస్టాండు వాళ్ళకి కూడా."

"ఎందుకురా? ఎవరాపమన్నారు?"

ఆయన ఆమెవైపు చూడలేదు.

"నేనే," అన్నాడు. "నేనే ఆపేయించానని చెప్పు అందరికీ."